ప్రాసెసర్ వేగమా, బటన్ల సౌలభ్యమా? స్మార్ట్‌ఫోన్ చర్చలో రెండు ముఖాలు

కొత్త స్మార్ట్‌ఫోన్ కొనేటప్పుడు దుకాణంలో ముందుగా వినిపించే ప్రశ్న 'ఏ ప్రాసెసర్?' అన్నది. అదే ఫోన్ ఇంటికి వచ్చి పెద్దవారి చేతికి అందిన తరువాత వినిపించే ప్రశ్న వేరు: 'వెనక్కి ఎలా వెళ్లాలి?' మొదటి ప్రశ్నకు ప్రకటనల్లో, సమీక్షల్లో కావలసినంత సమాధానం దొరుకుతుంది. రెండో ప్రశ్నను మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఫోన్‌తో రోజూ పడే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఆ రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతుంటాయి.

ఈ రెండింటినీ వేర్వేరు విషయాలుగా చూడటం అలవాటైంది. ప్రాసెసర్ అనేది ఇంజినీర్లకు, ఆటల ప్రియులకు సంబంధించిందనీ, బటన్ల అమరిక అభిరుచికి సంబంధించిందనీ భావిస్తారు. నిజానికి రెండూ ఒకే ప్రశ్నకు చెందినవి. వేలు తెరను తాకినప్పుడు ఫోన్ ఎంత త్వరగా, ఎంత కచ్చితంగా స్పందిస్తుంది అన్నదే ఆ ప్రశ్న. గత పదిహేడేళ్లకు పైగా ఈ రెండు రంగాల్లో జరిగిన మార్పులు, వాటి వెనుక ఉన్న కారణాలు, వినియోగదారు గమనించవలసిన అంశాలు ఈ వ్యాసంలో చూద్దాం.

బటన్లు ఎలా మొదలయ్యాయి

2007లో ఆపిల్ విడుదల చేసిన తొలి ఐఫోన్ ముఖభాగంపై ఉన్న బటన్ ఒక్కటే. ఏ యాప్‌లో ఉన్నా దాన్ని నొక్కితే మొదటి తెరకు చేరుకోవచ్చు. వెనక్కి వెళ్లే పనిని మాత్రం ఆయా యాప్‌లకే వదిలేశారు. తెర పైభాగాన ఎడమ మూలలో కనిపించే చిన్న గుర్తు ఆ బాధ్యతను తీసుకుంది.

2008లో అమెరికాలో మార్కెట్లోకి వచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోన్ టీ-మొబైల్ జీ1 మరో దారి ఎంచుకుంది. తైవాన్‌కు చెందిన హెచ్‌టీసీ తయారు చేసిన ఈ ఫోన్‌లో కాల్, హోమ్, మెనూ, బ్యాక్, ఎండ్ అనే అయిదు బటన్లు, వాటి నడుమ వేలితో దొర్లించే చిన్న గుండు ఉండేవి. అన్ని యాప్‌లలోనూ ఒకే విధంగా పనిచేసే 'బ్యాక్' బటన్ ఆండ్రాయిడ్‌కు మొదటి నుంచీ ప్రత్యేకతగా నిలిచింది. యాప్ తయారీదారు ఎవరైనా, వెనక్కి వెళ్లే దారి ఒక్కటే అన్న భరోసా వినియోగదారుకు లభించింది.

2010 జనవరిలో గూగుల్ పేరుతో వచ్చిన నెక్సస్ వన్‌లో తెర కింద నొక్కితే కదిలే బటన్లకు బదులు, తాకితే చాలు స్పందించే నాలుగు గుర్తులు వచ్చాయి. అవి బ్యాక్, మెనూ, హోమ్, సెర్చ్. 2011 ఫిబ్రవరిలో టాబ్లెట్ల కోసం వచ్చిన ఆండ్రాయిడ్ 3.0లో ఈ గుర్తులు తెరలోపలికి చేరాయి. అదే ఏడాది అక్టోబరులో ఆండ్రాయిడ్ 4.0, దానితోపాటు గెలాక్సీ నెక్సస్ వెలువడటంతో ఫోన్లలోనూ బ్యాక్, హోమ్, ఇటీవల వాడిన యాప్‌లు అనే మూడు గుర్తుల వరుస స్థిరపడింది. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 వాటిని త్రిభుజం, వృత్తం, చతురస్రంగా మార్చింది.

తెరలోని బటన్లకు కొన్ని స్పష్టమైన లాభాలున్నాయి. ఫోన్‌ను అడ్డంగా తిప్పితే అవీ తిరుగుతాయి. వీడియో చూసేటప్పుడు దాక్కుంటాయి. అరిగిపోయే విడిభాగం ఉండదు. సాఫ్ట్‌వేర్ మార్పుతో వాటి రూపాన్ని, వరుసను మార్చవచ్చు. నష్టం కూడా అంతే స్పష్టం. అవి తెరలో కొంత స్థలాన్ని ఆక్రమిస్తాయి.

భారత్‌లో ఈ నష్టం ఎక్కువగా కనిపించింది చౌక ఫోన్లలోనే. 2014 సెప్టెంబరులో గూగుల్ మన దేశంలో ప్రారంభించిన ఆండ్రాయిడ్ వన్ పథకం కింద మైక్రోమ్యాక్స్, కార్బన్, స్పైస్ సంస్థల ఫోన్లు రూ.6,399 నుంచి లభించాయి. వాటి తెర 4.5 అంగుళాలు. మూడు గుర్తుల పట్టీకి దాని ఎత్తులో సుమారు పన్నెండో వంతు పోయేది. కీబోర్డు కూడా తెరిస్తే చదవడానికి మిగిలే చోటు మరింత తగ్గేది.

ఎడమా, కుడా?

గూగుల్ నమూనాలో బ్యాక్ ఎడమ వైపున ఉంటుంది. శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్ శ్రేణి మొదటి నుంచీ మధ్యలో నొక్కే హోమ్ బటన్, ఎడమ వైపు మెనూ, కుడి వైపు బ్యాక్ అనే అమరికను అనుసరించింది. 2014లో గెలాక్సీ ఎస్5 నుంచి మెనూ స్థానంలో ఇటీవలి యాప్‌ల బటన్ వచ్చినా, బ్యాక్ మాత్రం కుడి వైపే ఉండిపోయింది. 2017లో గెలాక్సీ ఎస్8తో బటన్లు తెరలోపలికి వెళ్లాయి. అప్పుడు కూడా మొదటి నుంచి ఉన్న వరుసనే కొనసాగించి, ఇష్టమైతే తిప్పుకునే సదుపాయాన్ని సెట్టింగ్‌లలో ఇచ్చారు.

కుడి చేతి బొటనవేలికి కుడి మూల దగ్గర అన్నది శామ్‌సంగ్ అమరికను ఇష్టపడేవారి వాదన. ఎడమ నుంచి కుడికి చదివే లిపులు వాడేవారికి 'వెనక్కి' అంటే ఎడమ వైపే స్ఫురిస్తుందన్నది రెండో వర్గం వాదన. తెలుగు పాఠకుడు పుస్తకంలో వెనుక పుటకు వెళ్లేది కూడా ఎడమ వైపుకే. రెండు వాదనల్లోనూ బలం ఉంది. అసలు సమస్య ఏ వైపు సరైనదన్నది కాదు, రెండూ ఒకే మార్కెట్లో, తరచూ ఒకే ఇంట్లో ఉండటం.

దీని ప్రభావం ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉన్న కుమార్తె ఊళ్లో ఉన్న తండ్రికి ఫోన్‌లో దారి చెబుతుంది. 'కింద ఎడమ పక్కనున్న గుర్తు నొక్కండి నాన్నా' అంటుంది. 'ఇక్కడ మూడు గీతలే ఉన్నాయమ్మా' అని ఆయన సమాధానం. ఆమె ఫోన్‌లో ఎడమ వైపు ఉన్నది బ్యాక్, ఆయన ఫోన్‌లో అదే చోట ఉన్నది ఇటీవలి యాప్‌ల గుర్తు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. ఒకే పనికి రెండు సంస్థలు రెండు చోట్లు కేటాయించడమే ఈ తికమకకు మూలం.

బటన్లు మాయమైన క్రమం

బటన్ అవసరం లేకుండా వేలి కదలికతోనే ఫోన్‌ను నడిపించవచ్చన్న ఆలోచన కొత్తది కాదు. 2009లో వచ్చిన పామ్ ప్రీ తెర కింద వేలితో రాసే ప్రత్యేక చోటు ఉండేది. 2011లో నోకియా ఎన్9 ముఖభాగంపై ఒక్క బటన్ కూడా లేకుండా విడుదలైంది. అంచు నుంచి లోపలికి వేలు జరిపితే యాప్ నుంచి బయటపడవచ్చు. 2013లో బ్లాక్‌బెర్రీ 10 కూడా ఇదే బాటలో నడిచింది. ఈ మూడూ మార్కెట్లో నిలదొక్కుకోలేకపోయాయి. అయినా వాటి ఆలోచన మిగిలింది.

ఆపిల్ ఈ మార్పును అంచెలంచెలుగా తెచ్చింది. 2013లో ఐఫోన్ 5ఎస్ హోమ్ బటన్‌కు వేలిముద్ర గుర్తింపు తోడైంది. 2016లో ఐఫోన్ 7లో ఆ బటన్ నిజంగా కదలడం మానేసింది. లోపలి చిన్న యంత్రం కంపిస్తే నొక్కిన అనుభూతి కలిగేది. 2017 నవంబరులో వచ్చిన ఐఫోన్ ఎక్స్‌లో బటన్ పూర్తిగా పోయింది. కింది అంచు నుంచి పైకి వేలు జరపడమే హోమ్ అయింది. హోమ్ బటన్‌తో ఉన్న చివరి నమూనా, 2022 నాటి ఐఫోన్ ఎస్ఈ, 2025 ఫిబ్రవరిలో అమ్మకాల నుంచి వైదొలగింది.

ఆండ్రాయిడ్ 2018లో 9వ వెర్షన్‌తో మాత్ర ఆకారంలో ఉండే ఒక గుర్తును, పక్కనే బ్యాక్‌ను ఉంచి మధ్యేమార్గం ప్రయత్నించింది. 2019 సెప్టెంబరులో వచ్చిన ఆండ్రాయిడ్ 10లో పూర్తి స్థాయి జెశ్చర్ నావిగేషన్ వచ్చింది. కింది నుంచి పైకి జరిపితే హోమ్, పైకి జరిపి ఆపితే ఇటీవలి యాప్‌లు, ఎడమ లేదా కుడి అంచు నుంచి లోపలికి జరిపితే బ్యాక్. తమ పరిశీలనలో వినియోగదారులు హోమ్ కంటే బ్యాక్‌ను 50 శాతం ఎక్కువగా వాడుతున్నట్లు తేలిందని, అందుకే దాన్ని రెండు అంచుల్లోనూ అందుబాటులో ఉంచామని గూగుల్ అప్పట్లో వివరించింది.

ఈ నిర్ణయం ఒక చిక్కును తెచ్చిపెట్టింది. అనేక యాప్‌లలో ఎడమ అంచు నుంచి లోపలికి జరిపితే ఒక పక్క జాబితా తెరుచుకునే ఏర్పాటు అప్పటికే ఉంది. ఇప్పుడు అదే కదలికకు వెనక్కి వెళ్లడం అన్న అర్థం వచ్చింది. ఫొటోను కత్తిరించేటప్పుడో, వీడియోలో ముందుకు జరిపేటప్పుడో వేలు అంచును తాకితే అనుకోకుండా బయటకు వచ్చేయడం పరిపాటి అయింది. యాప్‌లు కావాలంటే అంచులో కొంత భాగాన్ని మినహాయించుకోవచ్చని గూగుల్ అనుమతించింది. అయితే ఆ మినహాయింపు ఒక్కో అంచుకు 200 డీపీ ఎత్తుకే పరిమితం. డీపీ అంటే తెర సాంద్రత ఏదైనా దాదాపు ఒకే పరిమాణంలో కనిపించేలా ఆండ్రాయిడ్ వాడే కొలత. యాప్ మొత్తం అంచును ఆక్రమిస్తే వినియోగదారు అందులోనే చిక్కుకుపోతాడన్నది ఈ పరిమితికి కారణం.

ప్రాసెసర్ అంటే ఒక్క చిప్ కాదు

ఇక రెండో ముఖానికి వద్దాం. ఫోన్ ప్రకటనల్లో 'ప్రాసెసర్' అని పిలిచేది నిజానికి అనేక విభాగాల సముదాయం. సాధారణ లెక్కలు చేసే సీపీయూ, బొమ్మలను గీసే జీపీయూ, కెమెరా చిత్రాలను తీర్చిదిద్దే విభాగం, నెట్‌వర్క్‌తో మాట్లాడే మోడెమ్, కృత్రిమ మేధ లెక్కల కోసం ప్రత్యేక విభాగం ఇందులో ఉంటాయి. వీటన్నింటినీ సాధారణంగా ఒకే చిప్‌పై అమరుస్తారు.

స్మార్ట్‌ఫోన్లలో దాదాపు అన్నింటికీ ఆధారం ఆర్మ్ నిర్మాణ విధానమే. 1990లో బ్రిటన్‌లోని కేంబ్రిడ్జ్ కేంద్రంగా ఏర్పడిన ఈ సంస్థ తన నమూనాలకు లైసెన్సులు ఇస్తుంది. వాటి ఆధారంగా క్వాల్‌కామ్, మీడియాటెక్, శామ్‌సంగ్, ఆపిల్ తమ చిప్‌లను రూపొందించుకుంటాయి. తయారీని తైవాన్‌లోని టీఎస్ఎంసీ, దక్షిణ కొరియాలోని శామ్‌సంగ్ వంటి కర్మాగారాలు చేపడతాయి. కనుక ఒక చిప్ పేరు చెప్పినప్పుడు నమూనా ఎవరిది, రూపకల్పన ఎవరిది, తయారీ ఎవరిది అన్న మూడు ప్రశ్నలకు మూడు సమాధానాలు ఉండవచ్చు. రూపకల్పన రంగంలో మన దేశానికీ భాగముంది. క్వాల్‌కామ్‌కు హైదరాబాద్‌లో పెద్ద ఇంజినీరింగ్ కేంద్రం ఉంది.

కోర్ల లెక్కతో మోసపోవద్దు

2013 ప్రాసెసర్ చర్చలో మలుపు తిప్పిన ఏడాది. ఆ సంవత్సరం ఆండ్రాయిడ్ సంస్థలు నాలుగు కోర్లు, ఎనిమిది కోర్లు అంటూ పోటీపడ్డాయి. శామ్‌సంగ్ జనవరిలో ఎక్సినోస్ 5 ఆక్టాను ప్రకటించింది. ఇందులో నాలుగు శక్తిమంతమైన కోర్లు, నాలుగు పొదుపైన కోర్లు ఉన్నప్పటికీ తొలి నమూనాలో ఒక సమయంలో ఒక బృందమే పనిచేసేది. అంటే పేరులో ఎనిమిది ఉన్నా, పనిలో ఉన్నవి నాలుగే. ఎనిమిదింటినీ ఏకకాలంలో వాడగల చిప్‌ను మీడియాటెక్ అదే ఏడాది నవంబరులో తీసుకువచ్చింది.

సెప్టెంబరులో ఆపిల్ రెండే కోర్లున్న ఏ7 చిప్‌తో ఐఫోన్ 5ఎస్‌ను విడుదల చేసింది. దాని వేగం 1.3 గిగాహెర్ట్జ్ మాత్రమే. అయినా అప్పటి నాలుగు కోర్ల చిప్‌లను అనేక పరీక్షల్లో అది అధిగమించింది. స్మార్ట్‌ఫోన్‌లో తొలి 64-బిట్ చిప్ కూడా అదే. ఈ 64-బిట్ సామర్థ్యం మార్కెటింగ్ ఎత్తుగడ అని క్వాల్‌కామ్ ఉన్నతాధికారి ఒకరు కొట్టిపారేయగా, ఆ వ్యాఖ్య సరికాదని సంస్థ స్వయంగా దిద్దుకోవలసి వచ్చింది. డిసెంబరులోనే క్వాల్‌కామ్ తన తొలి 64-బిట్ చిప్ స్నాప్‌డ్రాగన్ 410ను ప్రకటించింది.

ఆ స్నాప్‌డ్రాగన్ 410కు ఆంధ్రప్రదేశ్‌తో ఒక అనుబంధం ఉంది. షావోమీ భారత్‌లో కూర్పు చేయించిన తొలి ఫోన్ రెడ్‌మీ 2 ప్రైమ్‌లో ఉన్నది ఆ చిప్పే. శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారంలో కూర్పు జరిగిన ఈ ఫోన్ 2015 ఆగస్టులో రూ.6,999 ధరకు విశాఖపట్నంలో విడుదలైంది. చిప్ 64-బిట్‌ది అయినా ఫోన్ ఆండ్రాయిడ్ 4.4తో వచ్చింది. ఆండ్రాయిడ్‌లో 64-బిట్‌కు మద్దతు మొదలైంది 5.0 నుంచి. కొన్నవారికి చిప్ పెట్టె మీద కనిపించింది కానీ, దాని పూర్తి సామర్థ్యం తెర మీదకు రాలేదు. బటన్ల విషయంలోనూ ఆ ఫోన్ పాత పద్ధతినే అనుసరించింది. తెర కింద ఎర్రని రంగులో మెనూ, హోమ్, బ్యాక్ గుర్తులు ఉండేవి. వాటి వెనుక వెలుగు ఉండేది కాదు. చీకట్లో వాటిని అలవాటుతో వెతుక్కోవలసిందే.

కోర్ల సంఖ్య ఎందుకు పూర్తి చిత్రాన్ని ఇవ్వదు? యాప్ తెరవడం, జాబితాను పైకి కిందికి జరపడం, వెనక్కి వెళ్లడం వంటి పనుల్లో ప్రధాన భాగం ఒక వరుసలో, ఒకదాని తరువాత ఒకటిగా జరగాలి. పది మంది పనివాళ్లున్నా ఒకరు ముగించాకే మరొకరు మొదలుపెట్టవలసిన పనిలో వేగాన్ని నిర్ణయించేది మొదటి పనివాడి నైపుణ్యమే. అందుకే రోజువారీ వాడకంలో కోర్ల సంఖ్య కంటే ఒక్కో కోర్ శక్తి ముఖ్యం. వీడియో కూర్పు వంటి భాగాలుగా విడగొట్టగల పనుల్లో మాత్రం ఎక్కువ కోర్లు నిజంగా ఉపయోగపడతాయి.

నానోమీటర్లు, వేడి

ప్రకటనల్లో తరచూ కనిపించే మరో అంకె నానోమీటర్లు. ఒకప్పుడు ఇది చిప్‌లోని అతి చిన్న భాగం కొలతను సూచించేది. ఇప్పుడు 7, 5, 4, 3 నానోమీటర్లు అన్నవి తయారీ తరాల పేర్లుగానే మిగిలాయి. ఒక కర్మాగారపు 4 నానోమీటర్లు మరో కర్మాగారపు 4 నానోమీటర్లతో సమానం కానవసరం లేదు.

దీనికి మంచి ఉదాహరణ 2022లో కనిపించింది. 2021 చివర్లో క్వాల్‌కామ్ ప్రకటించిన స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 1ను శామ్‌సంగ్ 4 నానోమీటర్ల విధానంలో తయారు చేసింది. వేడెక్కుతోందన్న విమర్శలు వచ్చాయి. మే నెలలో దాదాపు అదే రూపకల్పనతో స్నాప్‌డ్రాగన్ 8 ప్లస్ జెన్ 1 వచ్చింది. ఈసారి తయారీ టీఎస్ఎంసీది. ప్రధాన విభాగాల విద్యుత్ వాడకం 30 శాతం వరకు తగ్గిందని క్వాల్‌కామ్ ప్రకటించింది. దాదాపు ఒకే రూపకల్పన, రెండు కర్మాగారాలు, రెండు వేర్వేరు ఫలితాలు.

ఫోన్‌లో ఫ్యాన్ సాధారణంగా ఉండదు. వేడి పెరిగితే చిప్ తన వేగాన్ని తానే తగ్గించుకోవాలి. పరీక్షలో రెండు నిమిషాలు చూపిన వేగం, ఏప్రిల్ ఎండలో అరగంట వీడియో కాల్ తరువాత మిగిలే వేగం ఒకటి కాదు. మన వాతావరణంలో రెండో అంకే అసలైనది.

వేగాన్ని తగ్గించడమే తప్పు కాదు. చెప్పకుండా తగ్గించడంపైనే వివాదాలు వచ్చాయి. పాతబడిన బ్యాటరీలున్న ఐఫోన్ల వేగాన్ని తగ్గిస్తున్నట్లు ఆపిల్ 2017 డిసెంబరులో అంగీకరించింది. ఫోన్ హఠాత్తుగా ఆగిపోకుండా ఉండేందుకే అలా చేశామన్నది సంస్థ వివరణ. వినియోగదారులకు ముందుగా తెలియజేయనందుకు 2020లో ఫ్రాన్స్ అధికారులు 2.5 కోట్ల యూరోల జరిమానా విధించారు. 2022 మార్చిలో శామ్‌సంగ్ ఫోన్లలోని ఒక ఆటల సేవ యాప్‌ల వేగాన్ని తగ్గిస్తూ, వేగ పరీక్షల యాప్‌లను మాత్రం వదిలేస్తోందని వెల్లడైంది. దాంతో గీక్‌బెంచ్ అనే పరీక్షా సంస్థ గెలాక్సీ ఎస్10 నుంచి ఎస్22 వరకు ప్రధాన నమూనాలను తన పట్టికల నుంచి తొలగించింది. ఆ తరువాత శామ్‌సంగ్ నియంత్రణను వినియోగదారులకు అప్పగిస్తూ అప్‌డేట్ ఇచ్చింది.

ఒకే పేరున్న ఫోన్‌లో దేశాన్ని బట్టి వేర్వేరు చిప్‌లు ఉండటం మరో వివాదం. గెలాక్సీ ఎస్20, ఎస్21 భారత్‌లో ఎక్సినోస్‌తో విడుదల కాగా, అమెరికాలో అవే ఫోన్లు స్నాప్‌డ్రాగన్‌తో వచ్చాయి. 2022లో ఎస్22 శ్రేణితో మన దేశానికీ స్నాప్‌డ్రాగన్ వచ్చింది. విదేశీ సమీక్ష చదివి ఇక్కడ కొనేవారు ఈ తేడాను చూసుకోవాలి.

రెండు చర్చలూ కలిసే చోటు

సెకనుకు 60 సార్లు తాజా అయ్యే తెరపై ఒక్కో దృశ్యాన్ని గీయడానికి ఫోన్‌కు దొరికే వ్యవధి సుమారు 16.7 మిల్లీసెకన్లు. 120 సార్లు తాజా అయ్యే తెరపై అది 8.3 మిల్లీసెకన్లే. ఆ గడువు తప్పితే పాత దృశ్యమే మరోసారి కనిపిస్తుంది. మన కంటికి అది తడబాటుగా తోస్తుంది. 2012లో ఆండ్రాయిడ్ 4.1తో గూగుల్ చేపట్టిన 'ప్రాజెక్ట్ బటర్' ఉద్దేశం ఈ తడబాటును తగ్గించడమే. వేలు తెరను తాకగానే ప్రాసెసర్ వేగాన్ని క్షణకాలం పెంచే ఏర్పాటు కూడా అందులో భాగం.

బటన్‌కూ, వేలి కదలికకూ మధ్య తేడా ఇక్కడే బయటపడుతుంది. బటన్ నొక్కడం ఒక్క క్షణపు ఆదేశం. ఫోన్ చిన్న కంపనంతో అందింది అని చెప్పి, పని పూర్తి చేయడానికి కొంత సమయం తీసుకున్నా ఇబ్బంది ఉండదు. వేలి కదలిక అలా కాదు. వేలు జరుగుతున్నంతసేపూ తెరపై దృశ్యం దాని వెంటే జరగాలి. ప్రతి 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి వేలు ఎక్కడుందో చూసి కొత్త దృశ్యం గీయాలి. బలహీనమైన చిప్, చాలని ర్యామ్, నెమ్మదైన స్టోరేజీ ఉన్న ఫోన్‌లో ఈ వరుస తెగిపోతుంది. కదలిక అందిందో లేదో తెలియక వినియోగదారు మళ్లీ జరుపుతాడు. అప్పుడు ఒక అడుగు బదులు రెండు అడుగులు వెనక్కి వెళ్లిపోతాడు. ఏదైనా దరఖాస్తు నింపుతున్నప్పుడు ఇలా జరిగితే రాసినదంతా పోవచ్చు.

అంటే బటన్లను తీసేయాలన్న నిర్ణయం ఖరీదైన ఫోన్‌లో సొగసుగా కనిపిస్తుంది. అదే నిర్ణయం చౌక ఫోన్‌లో కొన్నవారి మీద భారంగా మారుతుంది. ఆ భారం మోసేవారిలో కొత్తగా స్మార్ట్‌ఫోన్ పట్టినవారు, ఇంట్లో పిల్లలు వాడి ఇచ్చిన పాత ఫోన్‌తో సరిపెట్టుకునే పెద్దవారు ఎక్కువ.

ఎవరికి ఏది అనువు

2013లో స్టీవెన్ హూబర్ అనే రూపకర్త బహిరంగ ప్రదేశాల్లో ఫోన్ వాడుతున్న 1,333 మందిని గమనించి ఫలితాలు ప్రచురించారు. వారిలో తెరను లేదా బటన్లను తాకుతూ కనిపించినవారిలో 49 శాతం మంది ఒక్క చేత్తోనే ఫోన్ వాడుతున్నారు. నాటి తెరల కంటే నేటివి చాలా పెద్దవి. ఒక్క చేత్తో పట్టుకున్న పెద్ద ఫోన్‌లో పైమూలను అందుకోవడం కష్టం. అంచు ఏ ఎత్తులోనైనా అందుతుంది. ఈ కోణంలో వేలి కదలికల పద్ధతికి నిజమైన సౌలభ్యం ఉంది.

మరోవైపు, బటన్ కంటికి కనిపిస్తుంది. కదలికను ఎవరైనా చెబితే తప్ప తెలుసుకోలేం. చెయ్యి వణికేవారికి, వేళ్లు సరిగా వంగనివారికి అంచు నుంచి సరైన దూరం, సరైన వేగంతో జరపడం కష్టం. చూపు లేనివారి కోసం తెరను చదివి వినిపించే టాక్‌బ్యాక్ వంటి సదుపాయం వాడుతున్నప్పుడు ఒక వేలి కదలిక తెరను తడిమి చూడటానికి ఉపయోగపడుతుంది. కాబట్టి హోమ్, బ్యాక్ కదలికలకు రెండు వేళ్లు వాడాలి. ఈ అవసరాలను దృష్టిలో ఉంచుకునే ఆండ్రాయిడ్ 10లో కొత్త పద్ధతిని తెచ్చినప్పుడు కూడా మూడు బటన్ల పద్ధతిని ఎంపికగా కొనసాగిస్తామని గూగుల్ ప్రకటించింది. ఐఫోన్‌లో అలాంటి వెసులుబాటు పరిమితం. తెరపై తేలే అసిస్టివ్‌టచ్ గుర్తుతో హోమ్ పనిని చేయవచ్చు. అన్ని యాప్‌లకూ వర్తించే బ్యాక్ బటన్ మాత్రం అందులో మొదటి నుంచీ లేదు.

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్‌లు తెరిచి వెతికే చోట 'నావిగేషన్' అని టైప్ చేస్తే ఈ ఎంపిక కనిపిస్తుంది. శామ్‌సంగ్ ఫోన్లలో డిస్‌ప్లే విభాగంలోని నావిగేషన్ బార్‌లో బటన్ల వరుసను కూడా మార్చుకోవచ్చు. కదలికల పద్ధతే ఇష్టమైతే, బ్యాక్ కదలికకు అంచు ఎంత సున్నితంగా స్పందించాలో తగ్గించుకునే వీలు అనేక ఫోన్లలో ఉంటుంది.

కొనే ముందు గమనించవలసినవి

ప్రాసెసర్ పేరుతో పాటు అది విడుదలైన సంవత్సరం చూడాలి. కొత్త ఫోన్‌లో పాత చిప్ ఉండటం అరుదు కాదు. కోర్ల సంఖ్య కంటే ఒక్క కోర్ వేగం, చిప్ తయారైన విధానం ముఖ్యం. తక్కువ ధర ఫోన్లలో వేగాన్ని దెబ్బతీసేది తరచూ చిప్ కాదు, స్టోరేజీ. పాత ఈఎంఎంసీ రకం కంటే యూఎఫ్ఎస్ రకం స్టోరేజీ గణనీయంగా వేగవంతమైనది. ఎన్ని సంవత్సరాలు భద్రతా అప్‌డేట్లు ఇస్తారో అడగాలి. 2023లో పిక్సెల్ 8తో గూగుల్ ఏడేళ్ల హామీ ఇవ్వగా, శామ్‌సంగ్ కూడా 2024లో గెలాక్సీ ఎస్24తో అదే బాట పట్టింది. తక్కువ ధర ఫోన్లలో ఈ గడువు సాధారణంగా ఇంతకంటే తక్కువ.

బటన్ల విషయంలో పరీక్ష మరింత సులువు. దుకాణంలోని ఫోన్‌ను వాడబోయే వ్యక్తి చేతికే ఇవ్వాలి. నాలుగు యాప్‌లు తెరిచి, ఒక్కో దాంట్లో రెండు అడుగులు లోపలికి వెళ్లి, మళ్లీ మొదటి తెరకు రమ్మనాలి. ఎవరి సాయం లేకుండా రాగలిగితే ఆ ఫోన్ వారికి సరిపోయినట్టే. తడబడితే మూడు బటన్ల పద్ధతికి మార్చి మరోసారి ప్రయత్నించాలి.

ఇంట్లో పాత ఫోన్‌ను పెద్దవారికి ఇచ్చేటప్పుడు కూడా ఇదే వర్తిస్తుంది. అప్పటివరకు వారు వాడిన ఫోన్‌లో బ్యాక్ ఏ వైపు ఉండేదో చూసి, కొత్త దాంట్లోనూ అదే వైపు పెట్టి ఇస్తే సరిపోతుంది. చిప్‌ను మార్చడం ఎవరి తరమూ కాదు. బటన్ల వరుసను మార్చడానికి పట్టేది అర నిమిషం. అవతలి మనిషి రోజుకు ఎన్నిసార్లు సాయం కోసం ఫోన్ చేయవలసి వస్తుందో తరచూ నిర్ణయించేది ఆ అర నిమిషమే.